పూటకాపు

మా చర్చి కింది గదిలో శనివారం పొద్దున బొంతలు కుడతాం. పాత దుప్పట్లు, చొక్కాలు, కిటికీ తెరలు చదరాలుగా కత్తిరించి, అతికి, మధ్యలో దళసరి గుడ్డ పరిచి, జానెడుకొక చోట ఊలుదారంతో ముడేస్తాం. ఏడాదికోసారి వాటిని మూటలు కట్టి లూథరన్ వరల్డ్ రిలీఫ్ వాళ్ళకు పంపుతాం. షికాగో దగ్గర ఈ ఊరికి వచ్చిన కొత్తలో భాష సరిగా రాక, నోటితో పనిలేని చోటు కాబట్టి ఈ బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళు దాటింది.

మాలో అందరికన్నా పెద్దావిడకు 84 ఏళ్ళు. పేరు రాయను, మనసులో మాత్రం మామ్మగారనే పిలుచుకుంటాను. మూడేళ్ళ క్రితం ఒక శనివారం ఆవిడ ముడి వేస్తూ వేస్తూ ఆగి, అరచేత్తో బొంతను తడిమి, "ఇలాంటి దాని కింద నేను పడుకున్నాను, జర్మనీలో" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ జర్మనీ మాట ఎత్తగా నేను వినలేదు. వాళ్ళది లాట్వియా. 1944 శరత్కాలంలో రష్యన్ సైన్యం రాజధాని రీగాకు వస్తోందని తెలిసి, మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని వాళ్ళమ్మానాన్నా ఓడెక్కారు. అక్టోబరు 13న రీగా సోవియట్ల చేతిలో పడింది. వీళ్ళు అప్పటికే డాన్జిగ్ రేవులో దిగారు.

ఆ మధ్యాహ్నం ఆవిణ్ణి ఇంట్లో దింపడానికి వెళ్తే గరాజులో ఒక చెక్కపెట్టె చూపించింది. పైన్ చెక్క, మూలలకు రేకు, మూత మీద నల్లరంగుతో పెద్ద అక్షరాలు: వాళ్ళ నాన్న పేరు, ఒక నంబరు, బ్రెమర్‌హాఫెన్, న్యూ ఆర్లీన్స్, కింద సెనటోబియా, మిసిసిపీ. శిబిరంలో దొరికిన పలకలతో ఆయనే చేశాడట.

"మిసిసిపీ ఎందుకు?" అని అడిగాను.

"పత్తి" అంది.

గుంటూరు జిల్లాలో పుట్టిన మనిషికి ఆ మాట చాలు. నా పరిశోధన అనండి, పిచ్చి అనండి, ఆ గరాజులో మొదలైంది. నేను చరిత్ర చదువుకోలేదు. ఆసుపత్రి ల్యాబులో రక్తం, కఫం పరీక్షలు చేసే ఉద్యోగం నాది. సెలవు దొరికినప్పుడల్లా ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉన్న లూథరన్ చర్చి దస్తావేజుల భవనానికి వెళ్తున్నాను. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ ఒక్కటే. బూడిదరంగు అట్టపెట్టెలు, వాటిలో ఫోల్డర్లు, ఫోల్డర్లలో ఉల్లిపొర లాంటి కార్బన్ కాపీలు. ఒక్కో కాగితం తిప్పుతుంటే వేలికి నీలం అంటుతుంది.

నేను వెతికింది ఒకే ఒక్క సంగతి: ముక్కూమొహం తెలియని కుటుంబానికి సముద్రానికి ఇవతల ఎవరో ఎందుకు హామీ సంతకం పెట్టారు?

ఇది నన్ను ఇంతగా పట్టుకోవడానికి మా నాన్న కారణం. ఆయన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. తోటి మాస్టారొకాయన తీసుకున్న అప్పుకు హామీ సంతకం పెట్టి, ఆయన కట్టకపోతే ఆరేళ్ళ పాటు తన జీతంలోంచి కట్టాడు. అమ్మ గాజులు పోయాయి. ఆ ఆరేళ్ళూ మా నాయనమ్మ సామెతల గ్రంథం తెరిచి పెట్టుకుని చదివేది: ఎదుటివాడి కోసం పూటపడినవాడు చెడిపోవును. పూటపడడం అనే మాట ఇప్పుడు బైబిల్లో తప్ప వినపడదు. మా ఇంట్లో మాత్రం అది అన్నంతో పాటు వడ్డించిన మాట. పూటకాపు ఉండవద్దని అంత స్పష్టంగా చెప్పిన పుస్తకాన్నే చంకలో పెట్టుకు తిరిగే రైతులు, పచారీ కొట్టువాళ్ళు, పాస్టర్లు వేల మంది పరాయిదేశపు వాళ్ళకు పూటకాపులుగా నిలబడ్డారన్న సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు.

1945లో జర్మనీ ఎలా ఉందో ముందు చెప్పాలి. మా శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ పుట్టిన నేల అది. అక్కడి సంఘాల్లో కొన్ని హిట్లర్‌కు జెండాలు పట్టాయి, కొందరు పాస్టర్లు జైళ్ళకు వెళ్ళారు. యుద్ధం ముగిసేసరికి ప్రపంచంలోని లూథరన్లలో ఆరుగురికి ఒకరు ఇల్లు విడిచినవారే. ఎస్టోనియా, లాట్వియాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, తూర్పు ప్రష్యా, పొమెరేనియా, సిలేసియాల నుంచి గెంటివేయబడ్డ జర్మన్లు, అందరూ ఆ లెక్కలోకి వస్తారు. ఆ ఏడాది జులైలో సిల్వెస్టర్ మైకెల్‌ఫెల్డర్ అనే పాస్టరు ఒహాయోలోని టొలీడో నుంచి జెనీవా వెళ్ళాడు. అమెరికా లూథరన్ల డబ్బు, గుడ్డలు, తిండి సరైన చోటికి చేర్చడం ఆయన పని. అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో జర్మన్ సంఘ పెద్దలు, మా వల్ల అనేక జనాలకు అంతులేని బాధ కలిగింది అని రాసి ఒప్పుకున్నప్పుడు, ఎదురుగా కూర్చుని ఆ కాగితం అందుకున్న విదేశీ బృందంలో ఆయనా ఉన్నాడు. నాకు ఈ క్రమం ముఖ్యం. తప్పు ఒప్పుకున్న కాగితం మీద సిరా ఆరుతుండగానే దుప్పట్ల లెక్క కూడా మొదలైంది.

రెండేళ్ళకు, 1947 జూన్ 30 నుంచి జులై 6 వరకు, స్వీడన్‌లోని లుండ్‌లో 26 దేశాల నుంచి 47 సంఘాలు కలిసి లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ పెట్టుకున్నాయి. మొదటి అధ్యక్షుడు స్వీడన్ వేదాంతి ఆండర్స్ నైగ్రెన్, కార్యదర్శి మైకెల్‌ఫెల్డరే. వేదాంతం, సువార్త పనితో సమానంగా ఆపదలో ఉన్నవాళ్ళను ఆదుకోవడమూ వాళ్ళ మూల పనుల్లో ఒకటి. శరణార్థుల విభాగాన్ని స్టూవర్ట్ హెర్మన్ నడిపాడు. యుద్ధానికి ముందు బెర్లిన్‌లోని అమెరికన్ చర్చిలో పాస్టరుగా పనిచేసినవాడు, జర్మనీని లోపలి నుంచి ఎరిగినవాడు.

మామ్మగారి కుటుంబం అప్పటికి ఎస్లింగెన్‌లో ఉంది. స్టుట్‌గార్ట్ పక్కనే. అమెరికన్ ఆక్రమణ ప్రాంతంలో లాట్వియన్లు పెద్ద సంఖ్యలో ఉన్న శిబిరం అది. రెండు కుటుంబాలకు ఒక గది, మధ్యలో దుప్పటి తెర. ఆ తెరకు ఇవతల వాళ్ళ నాన్న పిల్లలకు లెక్కలు చెప్పేవాడు, అవతల ఒకావిడ కుట్టుమిషను తొక్కేది. బడులు, గాయక బృందాలు, నాటకాలు, ఆదివారం ఆరాధన అన్నీ వాళ్ళే నడుపుకున్నారు. పాస్టర్లు కూడా శరణార్థులే. ఒకటే భయం: వెనక్కి పంపేస్తారేమోనని. యుద్ధం అవగానే లక్షల మందిని వాళ్ళ వాళ్ళ దేశాలకు రైళ్ళెక్కించారు. మిగిలిన 10 లక్షల చిల్లరలో బాల్టిక్ వాళ్ళు, అంటే ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాల వాళ్ళు, వెళ్ళమని మొండికేశారు. వెళ్తే సైబీరియా అని వాళ్ళకు తెలుసు. 1941 జూన్‌లో సోవియట్లు పక్కింటివాళ్ళను పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి తీసుకుపోవడం చూసినవాళ్ళు మరి.

జర్మనీలో బాడ్ ఆరోల్సెన్ అనే ఊళ్ళో ఈ శిబిరాల కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి. చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మామ్మగారి పేరు కొడితే ఏమీ రాలేదు. రెండు వారాలు కొట్టుకున్నాక తెలిసింది, లాట్వియన్లలో తండ్రి ఇంటిపేరు చివర ఒక అక్షరం, కూతురి ఇంటిపేరు చివర ఇంకో అక్షరం. పైగా జర్మన్ గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. మన ఇంటిపేర్లను అమెరికా ఆఫీసుల్లో ముందువెనకలు చేసినప్పుడు నా బ్యాంకు ఖాతాకీ నా పాస్‌పోర్టుకీ కుదరక ఏడ్చిన రోజులు గుర్తొచ్చాయి. నాలుగు రకాలుగా స్పెల్లింగు మార్చి కొడితే దొరికింది. అంతర్జాతీయ శరణార్థి సంస్థ ఐఆర్ఓ వాళ్ళ దరఖాస్తు, సీఎమ్-1 అంటారు. పుట్టిన ఊరు, గత పన్నెండేళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నారు, ఏం పనిచేశారు, వచ్చిన భాషలు, వెనక్కి వెళ్తారా, వెళ్ళకపోతే ఎందుకు. చివర వాళ్ళ నాన్న సంతకం.

టాబ్లెట్ మీద ఆ పేజీ తెరిచి ఆవిడ చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, వేలితో ఒక గడి చూపించింది. వృత్తి: ఉపాధ్యాయుడు.

"మరి మిసిసిపీ కాగితంలో పొలంపని అని ఉంది కదా" అంది.

దానికి జవాబు చట్టంలో ఉంది. 1948 జూన్‌లో అమెరికా డిస్‌ప్లేస్డ్ పర్సన్స్ యాక్ట్, అంటే నిర్వాసితుల చట్టం, చేసింది. మొదటి విడత 2 లక్షల వీసాలు. అందులో 40 శాతం పరాయి ప్రభుత్వం కలిపేసుకున్న దేశాల వాళ్ళకు, అంటే ముఖ్యంగా బాల్టిక్ వాళ్ళకు. 30 శాతం వ్యవసాయం తెలిసినవాళ్ళకు. ఇక ఎవరికైనా సరే, ఈ దేశంలో ఒకరు హామీ పత్రం ఇవ్వాలి: ఈయనకు పని చూపిస్తాను, అందుకోసం ఇంకొకరి పని తీసేయను, ఉండడానికి శుభ్రమైన ఇల్లు చూపిస్తాను, అందుకోసం ఇంకొకరిని ఖాళీ చేయించను, ప్రభుత్వానికి భారం కానివ్వను. ఓడ ఖర్చు ఐఆర్ఓది. రేవు నుంచి ఊరి దాకా రైలు ఖర్చు హామీ ఇచ్చినవాళ్ళది, లేదా సంస్థది.

కాబట్టి లాయర్లు, సంగీత విద్వాంసులు, లెక్కల మాస్టార్లు శిబిరంలో ఉండగానే పొలం పని నేర్చుకుని, కాగితం మీద రైతులయ్యారు. మామ్మగారి నాన్న అబద్ధం చెప్పాడని నేననుకోను. ఎనిమిదేళ్ళ కూతురిని దాటించడానికి ఆ రోజున ఏ తలుపు తెరిచి ఉందో ఆ తలుపుకు సరిపోయేలా వంగాడు.

అమెరికాలో లూథరన్ల తరఫున ఈ పని చూసింది నేషనల్ లూథరన్ కౌన్సిల్ కింద పెట్టిన లూథరన్ రీసెటిల్‌మెంట్ సర్వీస్. దాన్ని నడిపినావిడ కార్డీలియా కాక్స్. పాస్టరు కాదు, సాంఘిక సేవలో శిక్షణ పొందిన మనిషి. ఆవిడ ఆఫీసు పని ఎలా సాగేదో చూస్తే మనకు పెళ్ళిళ్ళ పేరయ్య గుర్తొస్తాడు. ఒక వైపు జర్మనీ శిబిరాల నుంచి కుటుంబాల వివరాలు వస్తాయి. ఇంకో వైపు నెబ్రాస్కా, మిన్నెసోటా, పెన్సిల్వేనియా సంఘాల నుంచి మాకిలాంటి వాళ్ళు కావాలి అని జాబులు వస్తాయి. రెంటినీ జత చేయాలి. కొన్నిసార్లు పేరుపేరునా హామీ. కొన్నిసార్లు సంస్థే మొత్తానికి గంపగుత్తగా పూటపడి, ఓడ బయల్దేరాక ఇక్కడ ఇల్లు వెతకడం. మొదటి శరణార్థుల ఓడ జనరల్ బ్లాక్ 1948 అక్టోబరు 30న 813 మందితో న్యూయార్క్ చేరింది. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ళ పాటు ఓడ వెనక ఓడ. రేవులో మెడకు చీటీలు కట్టుకున్న పిల్లలు, వాళ్ళ చీటీ చూసి రైలు వెతికిపెట్టే చర్చి ఆడవాళ్ళు.

జాబుల సంగతి చెప్పాలి. సంఘాలు అడిగింది ఎక్కువగా వయసులో ఉన్న దంపతులను, పొలం పని వచ్చినవాళ్ళను, పిల్లలు ఒకరిద్దరికి మించనివాళ్ళను. ముసలివాళ్ళను ఎవరూ అడగలేదు. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో క్షయ మచ్చ ఉంటే వీసా లేదు. ఒక్కరికి మచ్చ ఉన్నా చాలా కుటుంబాలు మొత్తంగా ఆగిపోయాయి. అలా మిగిలిపోయినవాళ్ళకు ఐఆర్ఓ భాషలో ఒక పేరుంది, 'హార్డ్ కోర్' అని. ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి నాకా మచ్చ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. రోజూ కఫం నమూనాలు చూస్తాను. స్లైడు మీద ఎర్రటి గీతలా క్షయ క్రిమి కనిపిస్తే మందు రాస్తారు. 1949లో అదే గీత ఒక అమ్మమ్మను జర్మనీలో ఒంటరిగా వదిలేయించింది.

ఇక పత్తి. మిసిసిపీలో తరతరాలుగా పత్తి తీసిన నల్లజాతి కుటుంబాలు ఆ రోజుల్లో ఉత్తరాది నగరాలకు వెళ్ళిపోతున్నాయి. భూస్వాములకు చేతులు కావాలి. సెనటోబియా చుట్టుపక్కల చేలల్లోకి లాట్వియన్ కుటుంబాలను అలా తీసుకొచ్చారు. మామ్మగారి వాళ్ళు 1949 వసంతంలో వచ్చారు. రేకు కప్పిన చెక్కిల్లు, కిటికీలకు అద్దాల్లేవు. పంటలో పాలుకు సాగు. ముందు కలుపు, తర్వాత మొక్క పలచన చేయడం, సెప్టెంబరు నుంచి తీత. పొడుగాటి గోనెసంచీ భుజానికి తగిలించుకుని సాళ్ళ మధ్య ఈడ్చుకుంటూ పోవాలట. ఉప్పు, పిండి, కిరసనాయిలు అన్నీ ఆ భూస్వామి దుకాణంలోనే ఖాతా మీద. ఏడాది చివర లెక్క చూస్తే చేతికొచ్చింది ఏమీ లేదు. మామ్మగారు చెబుతుంటే నేను మధ్యలో అందుకుని, కాయ చివర ముల్లు లాంటి మొన గోరు కింద గుచ్చుకుని చీము పట్టడం గురించి చెప్పాను. ఆవిడ తన కుడిచేతి చూపుడువేలు చాపి చూపించింది. గోరు పక్కన ఇప్పటికీ చిన్న గంటు. మా అమ్మ చేతికీ అలాంటిదే ఉండేది.

ఇంకో సంగతి కూడా ఆవిడ దాచలేదు. పక్క చేలో వాళ్ళకన్నా ముందు నుంచి పనిచేస్తున్న నల్లవాళ్ళ పిల్లలు ఆవిడ బడికి రారు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన, ఇంగ్లీషు ముక్క రాని పిల్లకు దొరికిన బెంచీ, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు దొరకలేదు. "నాకది అప్పుడు తెలియలేదు. తెలిశాక మర్చిపోలేదు" అంది.

ఏడాదిన్నరకు వాళ్ళు పెట్టె సర్దుకుని షికాగో వచ్చేశారు. అక్కడి లాట్వియన్ల మాట సాయంతో నాన్నకు ఫ్యాక్టరీలో పని. అలా చేలు వదిలి ఇండియానాపొలిస్, మిల్వాకీ, కాలమజూ చేరినవాళ్ళు చాలామంది.

ఇంతవరకు చదివి ఇది మంచివాళ్ళ కథ అనుకుంటే సగమే చదివినట్టు. ఆ చట్టంలో ఒక తేదీ ఉంది. 1945 డిసెంబరు 22 నాటికి జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లోని శిబిరాల ప్రాంతంలో ఉన్నవాళ్ళకే వీసా. 1946 జులైలో పోలండ్‌లోని కీల్సేలో మిగిలి ఉన్న కొద్దిమంది యూదుల మీద ఊచకోత జరిగింది. అది చూసి పశ్చిమానికి పారిపోయి వచ్చిన యూదులందరినీ ఆ తేదీ గడప బయటే నిలబెట్టింది. గ్యాస్ గదుల నుంచి మిగిలినవాళ్ళకు తలుపు ఇరుకైంది, మన లూథరన్లకు వెడల్పయింది. సంతకం పెడుతూ అధ్యక్షుడు ట్రూమన్ ఇది యూదుల మీద, కాథలిక్కుల మీద వివక్ష అని బయటికే అన్నాడు. 1950లో సవరించి తేదీని 1949 జనవరి 1కి జరిపారు, వీసాలు దాదాపు రెట్టింపు చేశారు. అప్పటికి రెండేళ్ళు గడిచాయి. అదే ఏడాది సెప్టెంబరులో బాల్టిక్ దేశాల నుంచి హిట్లర్ ఎస్‌ఎస్ దళాల్లో చేరినవాళ్ళను జర్మన్ ఎస్‌ఎస్‌తో కలిపి చూడకూడదని ఆ చట్టాన్ని అమలు చేసే కమిషన్ తేల్చింది. బలవంతంగా చేర్పించబడ్డ కుర్రాళ్ళున్నారు నిజమే. చేతులకు నెత్తురంటినవాళ్ళు కూడా ఆ తలుపులోంచి వచ్చే వీలు కలిగింది. మా చర్చి చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండు విషయాలనూ ఒక వాక్యంలో దాటేస్తారు. దాటకూడదని నా గట్టి అభిప్రాయం.

తలుపు మూసుకుపోయిన లూథరన్లూ ఉన్నారు. తూర్పు ఐరోపా నుంచి గెంటివేయబడ్డ జర్మన్ జాతివాళ్ళను ఐఆర్ఓ నిబంధనలు శరణార్థులుగా ఒప్పుకోలేదు. వాళ్ళ కోసం కెనడా లూథరన్లు, మెన్నొనైట్లు, కాథలిక్కులు, బాప్టిస్టులతో కలిసి 1947లో ఒక ఉమ్మడి మండలి పెట్టుకున్నారు. యుద్ధంలో చిక్కిన ఒక జర్మన్ ఓడకు బీవర్‌బ్రే అని కొత్త పేరు పెట్టారు. అది వెళ్ళేటప్పుడు సరుకు, వచ్చేటప్పుడు మనుషులు. 1948 నుంచి 1954 వరకు 30 వేలకు పైగా జనాన్ని కెనడా చేర్చింది.

మా పాస్టరు అయ్యగారు గుంటూరులో ప్రసంగం చెప్పేటప్పుడు బైబిల్లో గలతీయుల పత్రికలోని ఒక మాట తరచూ ఎత్తేవారు: అందరియెడలను, విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను మేలు చేయుదము. ఆ అట్టపెట్టెల్లో కాగితాలు తిప్పుతున్నంతసేపూ నాకు ఈ వాక్యంలోని రెండు ముక్కలే పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. అందరియెడల. విశేషముగా. మొదటి నాలుగేళ్ళూ 'విశేషముగా'దే పైచేయి. మనవాళ్ళు, మన పాటలు పాడేవాళ్ళు, మన కాటికిజం, అంటే విశ్వాసాన్ని ప్రశ్నజవాబులుగా నేర్పే పుస్తకం, చదివినవాళ్ళు. గుంటూరు మిషను ఖర్చులు భరించిన అమెరికా యునైటెడ్ లూథరన్ చర్చి కూడా ఈ పనిలో పెద్ద భాగస్వామి. గుంటూరులో మిషను వాళ్ళ స్టాల్ స్కూలు బోర్డింగులో చదివిన మా అమ్మ తాగిన పాలపొడి ఎవరో అమెరికా ఆడవాళ్ళు పంపిందని చెప్పుకునేది. ఆ సంఘాల ఆడవాళ్ళే ఇటు ఎస్లింగెన్‌కు బొంతలు కుట్టారు. మేమూ వాళ్ళ విశ్వాసగృహం లెక్కలోనే ఉన్నాం కదా.

'అందరియెడల' ఎక్కడ మొదలైందా అని వెతికితే నాకు జెరూసలేం దొరికింది. ఒలీవల కొండ మీద ఆగస్టా విక్టోరియా అనే పెద్ద రాతి భవనం ఉంది. జర్మన్ చక్రవర్తి తన భార్య పేరిట కట్టించాడు, 1910లో ప్రారంభమైంది. 1948 యుద్ధంలో లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళు పోగొట్టుకున్నాక, 1950లో ఐక్యరాజ్యసమితి వారి పాలస్తీనా శరణార్థుల సంస్థ యుఎన్‌ఆర్‌డబ్ల్యుఎతో కలిసి లూథరన్ ఫెడరేషన్ అక్కడ శరణార్థుల ఆసుపత్రి నడపడం మొదలుపెట్టింది. వచ్చే రోగుల్లో ఎక్కువమంది ముస్లింలు. మన కాటికిజం చదివినవాళ్ళు కారు. ఆ ఆసుపత్రి ఇంకా నడుస్తోంది.

ఇంకోటి మన దేశంలోనే. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది సరిహద్దు దాటినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బెహార్‌లో లూథరన్ ఫెడరేషన్ తరఫున శరణార్థి సేవ పెట్టారు. దాన్ని నడిపింది సంతాలుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన నార్వే మిషనరీ ఓలావ్ హోడ్నె. యుద్ధం అయ్యాక ఆ జనం వెనక్కి వెళ్తే, వాళ్ళ వెంటే రంగ్‌పూర్, దినాజ్‌పూర్ వెళ్ళి పొలాలు, బడులు నిలబెట్టే పని 1972లో మొదలుపెట్టారు. ఇవతల 1974లో కలకత్తా కేంద్రంగా లూథరన్ వరల్డ్ సర్వీస్ ఇండియా వచ్చింది. మా నాన్న దాచిన ఉత్తరాల కట్టలో 1971 చివరివి కొన్ని ఉన్నాయి. మామూలు స్టాంపు పక్కన 5 పైసల 'రెఫ్యూజీ రిలీఫ్' స్టాంపు. దేశం మొత్తం ఉత్తరం రాసిన ప్రతివాడూ అలా ఎంతో కొంత పూటపడ్డాడు. అప్పటికి ఆయన ఆ అప్పు ఇంకా కడుతూనే ఉన్నాడు.

పోయిన నెల మామ్మగారు ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళాలని నిశ్చయించుకుంది. సామాను సర్దడానికి వెళ్ళాను. చెక్కపెట్టె నాకిస్తానంది. అందులో ఉన్న కుట్టుసామాను, ఊలు ఉండలు బయటికి తీస్తే అడుగున కాగితం పరిచి ఉంది, కాగితం కింద ఒక కవరు. కవర్లో కార్బన్ కాపీ. ఈ మూడేళ్ళలో అలాంటి కాగితాలు వందల్లో చూశాను కాబట్టి మడత విప్పకుండానే ఏమిటో తెలిసింది. హామీ పత్రం. వాళ్ళకు ఎవరో ఇచ్చిందే అనుకున్నాను.

కాదు. తారీఖు 1951. సంతకం వాళ్ళ నాన్నది. ఇంటి వివరాల దగ్గర రెండు గదులు అని ఉంది. ఎవరి కోసమంటే ఒక విధవరాలు, ఇద్దరు పిల్లలు. పుట్టిన దేశం పోలండ్, మతం కాథలిక్.

"ఎవరు వీళ్ళు?" అన్నాను.

"తెరకు అవతల కుట్టుమిషను తొక్కేదని చెప్పాను కదా, ఆవిడ. మొగుడికి ఊపిరితిత్తుల మచ్చ అని ఆపేశారు. ఆయన పోయాక వీళ్ళను ఎవరూ అడగలేదు."

రెండు గదుల్లో ఆరుగురు. నాన్న వంటింట్లో నేల మీద పడుకునేవాడట, పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళాలి కాబట్టి పొయ్యి పక్క వెచ్చగా ఉంటుందని. ఎనిమిది నెలలు. కుట్టుమిషను మాత్రం ఓడలో రాలేదు. ఇక్కడ పాతది ఒకటి వాయిదాల మీద కొన్నారు. దానికీ ఆయనే సంతకం పెట్టాడు.